నొప్పి మాత్రల హానికి చిట్టా ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ ఔషధ నియంత్రణ విభాగం డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల క్లినిక్కులలోనూ మందుల దుకాణాలలోనూ ఒంటినొప్పులకూ కీళ్ల నొప్పులకూ నిత్యం చేతికందే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటి వాపు తగ్గించే నొప్పి మందుల వల్ల కలిగే హాని, ఆ మందు ఇచ్చిన చోట ఏ పుస్తకానికీ ఎక్కకుండానే తిరుపతి, వేలూరు, బెంగళూరు ఆసుపత్రులకు చేరిపోగల స్థితిని ఈ లేఖ విభాగం దృష్టికి తెస్తోంది.

ఈ మందులు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దెబ్బ తగిలిన చోట వాపునూ నొప్పినీ పెంచే ఆ రసాయనాలే జీర్ణాశయపు లోపొరను ఆమ్లం నుంచి కాపాడతాయి, ఒంట్లో నీరు తగ్గినపుడు మూత్రపిండాలకు రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచుతాయి. మేలూ కీడూ ఒకే పని నుంచి పుడుతున్నాయి గనుక, పేరున్న కంపెనీ మందు అయితే భయం లేదన్న ధీమాకు ఆధారం లేదు.

‘గ్యాస్ మాత్ర’ తోడుగా వేసుకుంటే చాలునన్న నమ్మకం మరింత లోతుగా పాతుకుపోయింది. పాంటొప్రజోల్ వంటి ఆ మాత్ర జీర్ణాశయానికి చాలావరకు రక్షణ ఇస్తుందే గాని, మూత్రపిండాలకూ గుండెకూ ఏ అండా కాదు. పైగా ఈ మందుల వల్ల ఏర్పడే పుండు చాలాసార్లు నొప్పి తెలియకుండానే రక్తం కారుస్తుంది. విరేచనం తారులా నల్లబడటం దాని గుర్తు, రక్తం తగ్గి ఆయాసం రావడం దాని ఫలితం. నీరసమని వచ్చిన రోగికి ఇనుము మాత్రలు రాస్తే, వాటి వల్ల కూడా విరేచనం నల్లబడుతుంది గనుక, మిగిలిన ఆ ఒక్క గుర్తూ మరుగున పడుతుంది.

టమాటా మార్కెట్ యార్డులో ఎండలో క్రేట్లు మోసే హమాలీకీ, కుప్పం ప్రాంతపు గ్రానైట్ క్వారీలో పనిచేసే కూలీకీ చెమటతో ఒంట్లో నీరు తగ్గిన వేళే నొప్పి మాత్ర అవసరపడుతుంది. మూత్రపిండాలు ప్రోస్టాగ్లాండిన్ల మీద ఎక్కువగా ఆధారపడే వేళ కూడా అదే. రక్తపోటుకు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ తరగతుల మందునూ, దానితో పాటు మూత్రం ఎక్కువ చేసే మాత్రనూ వాడుతున్నవారికి నొప్పి మాత్ర మూడో దెబ్బ అవుతుంది. ఒక వైద్యుడు రాసిన జీరోడాల్‌లో ఎసిక్లోఫెనాక్, మరొకరు రాసిన వోవెరాన్‌లో డైక్లోఫెనాక్ ఉంటాయి గనుక, రెండూ కలిపి మింగిన రోగి తనకు తెలియకుండానే మోతాదు రెట్టింపు చేసుకున్నట్టే.

2006 నాటికి రాయలసీమలో చెలరేగిన చికున్‌గున్యా నెలల తరబడి కీళ్లను పట్టి ఉంచినపుడు ఈ మాత్రల అలవాటు బహుశా మరింత బలపడింది. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్‌లో ఉంది. అంటే వైద్యుని చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా కత్తెరతో రెండు మాత్రలు కోసి కాగితపు పొట్లంలో పెట్టి ఇచ్చినపుడు మందు పేరూ, గడువు తేదీ ఉన్న ముక్క దుకాణంలోనే ఉండిపోతుంది, రోగికి గుర్తుండేది మాత్ర రంగు మాత్రమే.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించిన కేంద్ర ప్రభుత్వం, మనుషుల పేరిట తయారయ్యే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో వాటిని ఆపి, ఒక్క మోతాదు సీసాలకే అనుమతి పరిమితం చేసింది. కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడుతున్నాయని ఆ మందును పశువులకు నిషేధించగలిగిన దేశానికి, పుంగనూరు రోగి మూత్రపిండాల సంగతి కనిపెట్టడం అంత కష్టం కాకూడదు.

2010లో మొదలైన జాతీయ ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమపు కేంద్రాలు ప్రధానంగా వైద్య కళాశాలలలో ఉండగా, ఈ మాత్రలు ఎక్కువగా ఇచ్చేది మాత్రం వాటికి బయటనే. కనుక ఈ మూడు పట్టణాల క్లినిక్కుల నుంచి హాని వివరాలు రాబట్టి, కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాల వంటి చోట పరిశీలింపజేసే ఏర్పాటును విభాగం చేపట్టవలసి ఉంది. కోసి ఇచ్చే పొట్లం మీద మందు అసలు పేరు తెలుగులో రాయించడం, రోగి స్వయంగా ఫిర్యాదు చేయగల 1800-180-3024 సంఖ్యను బిల్లు మీద అచ్చు వేయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. నివేదిక పంపిన వైద్యునిపై తప్పు మోపరనీ, రోగి వివరాలు గోప్యంగా ఉంటాయనీ ఆ కార్యక్రమమే చెబుతున్నా, ఆ మాట చిన్న క్లినిక్కుల వైద్యుల దాకా చేరవేసే బాధ్యత విభాగానిదే.