పతకము దేశమునకు, గాయము క్రీడాకారునకా?

2022లో బర్మింగుహాము కామన్వెల్తు క్రీడలయందు మన పి. వి. సింధు స్వర్ణపతకము గెలిచినప్పుడు తెలుగునాడెల్ల పొంగిపోయెను. క్వార్టరు ఫైనలునుండియే ఆమెను బాధ వేధించెనని పిమ్మట వింటిమి. హైదరాబాదు చేరి స్కానింగు తీయింపగా ఎడమ పాదపు టెముకలో చీలిక బయటపడెను. ప్రపంచ పోటీలను ఆమె వదలుకొనవలసివచ్చెను.

ఆమె ప్రక్కన శిక్షకుడును ఫిజియోథెరపిస్టును ఉండిరి. బుమ్రా 2023లో న్యూజీలాండునందు వెన్నునకును, షమీ 2024లో లండనునందు మడమకును శస్త్రచికిత్స పొందిరి. మేటి ఆటగాండ్రకు ఈపాటి ఆదరణ కలదు, సంతోషమే. కాని తండ్రి అప్పుచేసి యిచ్చిన సొమ్ముతో పరదేశపు పోటీకి పోయిన బాలిక మోకాలు విఱుగబడినచో ఆమెకు దిక్కెవరు? ‘ప్రభుత్వమునకు వ్యయము లేకుండ’ అను షరతుపై జట్లను పంపు నాచారము మనకు క్రొత్త కాదు. వ్యయము లేకుండ పంపినవారు పతకము వచ్చిననాడు మాత్రము విమానాశ్రయమున పూలదండలతో నిలుతురు! ఓడ యెక్కువఱకు ఓడమల్లయ్య, దిగినపిదప బోడిమల్లయ్య యను సామెత యిట్లు నిజమగుచున్నది.

విదేశములలో వైద్యము ధర్మసత్రము కాదు. ఇంగ్లండులో అత్యవసర విభాగమున చూచుట ఉచితమే. కాని యాత్రికుని వార్డులో చేర్చుకొన్న క్షణమునుండి సాధారణముగా నిర్ణీతపు వెలకు ఒకటిన్నర రెట్లు చెల్లింపవలెను. అమెరికాలో 1986 నాటి చట్టము ప్రాణాపాయమున ఉన్నవానిని గెంటివేయరాదనును. బిల్లు పంపరాదని మాత్రము అనదు. న్యూజీలాండు 1974లో నెలకొల్పిన ప్రమాద పరిహార విధానము తప్పెవరిదని యడుగక యాత్రికుని చికిత్సకు సైతము తోడ్పడుచున్నది. అయినను ఇంటికి చేర్చు వ్యయము అదియు భరింపదు.

ప్రయాణపు బీమా ఉన్నదికదా యందురా? ఆ పత్రమును కడవఱకు చదువుడు. వృత్తిక్రీడలకును సాహసక్రీడలకును వర్తింపదని సన్నని యక్షరములలో వ్రాసిన పత్రములు పెక్కు గలవు. ఆటకై పోవువానికి ఆటలో తగిలిన దెబ్బకు చెల్లని బీమా యేమి బీమా? చదువులకై పోవు మన బిడ్డలు ఆదివారము క్రికెట్టాడిన నిదే చిక్కు.

మఱియొక గండము కలదు. నొప్పి తగ్గుటకు అచ్చటి వైద్యుడు స్టెరాయిడు సూదిమందు వేసెననుకొందము. అందు గ్లూకోకార్టికాయిడు జాతివానిని పోటీ సమయమున 2022 జనవరి 1 నుండి ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ నిషేధించినది. తెలియదన్న మాట చెల్లదు. దేహములో నున్నదానికి క్రీడాకారుడే బాధ్యుడు. ఈ సంగతి ఆ బాలికకు చెప్పిన దెవరు?

మేము భిక్ష మడుగుట లేదు. దేశము పేరు వక్షమున ధరించి పోవు ప్రతి క్రీడాకారునకు, సొంత ఖర్చుతో పోయినను సరే, ఆటదెబ్బలకు చెల్లు బీమాయు, వెంట నొక ఫిజియోథెరపిస్టును, నిషిద్ధౌషధముల పట్టికయు ఇచ్చినగాని క్రీడాసంఘములు పయనమునకు అనుమతి యీయరాదు. అంతపాటి చేయలేని సంఘమునకు ఆ పతకముతో ఫొటో దిగు హక్కు లేదు.