ఈ కటౌట్‌కి పాలాభిషేకాలుండవు

కటౌట్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సినిమా హాలు ముందు దండలేసుకుని నిలబడ్డ హీరో. నేను చెప్పబోయే కటౌట్ అరచేతిలో పడుతుంది. డైనమోల కాలంలో, అంటే ఇంచుమించు 1960ల దాకా, కార్ల బానెట్ కింద ఓ నల్ల పెట్టెలో ఉండేది. పాత అంబాసిడర్లు నడిపిన మన నాన్నల తరానికి బాగా తెలుసు.

ఇంతకీ దాని పనేమిటి? ఇంజను జోరుగా తిరిగితే డైనమో వోల్టేజి బ్యాటరీని మించుతుంది, కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. ఇంజను నెమ్మదించినా, ఆగినా కరెంటు వెనక్కి మళ్ళుతుంది. బ్యాటరీ ఖాళీ అవడమే కాదు, ఆ కరెంటుకి డైనమో తనే మోటారులా తిరగబోతుంది. ఇంజను బెల్టు తిరగనివ్వదు కాబట్టి వేడెక్కి తీగచుట్ట కాలిపోతుంది. బావి మోటారుకి ఫుట్‌వాల్వు ఎలాగో, డైనమోకి కటౌట్ అలాగన్నమాట.

లోపల ఒకే ఇనపముక్క మీద రెండు చుట్టలుంటాయి. సన్నతీగ చుట్ట డైనమో వోల్టేజిని కనిపెడుతుంది. 12 వోల్టుల కారులో అది సుమారు 13కి చేరగానే అయస్కాంతం కాంటాక్టుల్ని మూస్తుంది. అప్పుడు బ్యాటరీకి వెళ్ళే కరెంటు లావుతీగ చుట్టగుండా పోతూ ఆ పట్టుని ఇంకా బిగిస్తుంది. కరెంటు ఎదురు తిరిగితే అదే చుట్ట మొదటిదాని బలాన్ని తగ్గిస్తుంది, స్ప్రింగు కాంటాక్టుల్ని విడదీస్తుంది. మూసుకునే చోటు వేరు, తెరుచుకునే చోటు వేరు. రెండూ ఒకటే అయితే ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కాంటాక్టులు టకటకా కొట్టుకుని కాలిపోయేవి.

ఇదేమీ చిన్న విషయం కాదు. నేనుంటున్న ఒమాన్‌లో 1970 నాటికి తారురోడ్డు పది కిలోమీటర్లే. 1955 డిసెంబరులో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ సలాలా నుంచి ఎడారి దాటి వచ్చింది మోటారు బండ్లలోనే. అలాంటి చోట రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ అయితే ఆదుకునేది చేత్తో తిప్పే హేండిలొక్కటే. పైగా ఎండ. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. అంటే బానెట్ కింద 50 డిగ్రీలు పెరిగితే 20 శాతం. ఆ తేడాని సర్దడానికి ఏ ఏర్పాటూ లేకపోతే కటౌట్ ఆలస్యంగా మూసుకుంటుంది.

1960లో క్రైస్లర్ వాలియంట్ ఆల్టర్నేటర్‌తో వచ్చింది. కరెంటు వెనక్కి రాకుండా చూసే పని సిలికాన్ డయోడ్లు తీసుకున్నాయి. కదిలే భాగం లేదు, అరుగుదల లేదు. మంచి మార్పే, కటౌట్ మళ్ళీ రావాలని నేననను. కానీ సర్వర్లకి కాపలా పెట్టే మనం దాని దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

మొదటిది, కరెంటు లేనప్పుడు స్ప్రింగు దాన్ని తెరిచే ఉంచుతుంది. దిక్కుతోచనప్పుడు క్షేమమైన వైపే ఒరుగుతుంది. రెండోది, ఆ రెండు హద్దులు. మైకేల్ నైగార్డ్ 2007లో 'రిలీజ్ ఇట్!' పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన సర్క్యూట్ బ్రేకర్ పద్ధతిని ఇప్పుడు అందరం వాడుతున్నాం. కానీ ఆపడానికీ మళ్ళీ మొదలెట్టడానికీ ఒకే అంకె పెట్టి, సర్వీసు నిమిషానికోసారి పడిలేస్తుంటే నెట్‌వర్కుని తిట్టుకుంటాం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కటౌట్‌కీ ఓ జబ్బుంది: కాంటాక్టులు కాలి అతుక్కుపోతే స్ప్రింగు కూడా ఏమీ చెయ్యలేదు. దాన్ని పట్టించేది డాష్‌బోర్డు మీది ఎర్రదీపం. తాళం తిప్పగానే, ఇంజను మొదలవకముందు, అది వెలగాలి. వెలగలేదంటే బల్బైనా పోయి ఉండాలి, కాంటాక్టులైనా అతుక్కుని ఉండాలి. అంటే దీపం వెలగకపోవడమే ప్రమాదానికి గుర్తు.

మన మానిటరింగ్ తెరలన్నీ పచ్చగా ఉంటే నిశ్చింతగా ఇంటికెళ్తాం. ఆ పచ్చదనం ఆరోగ్యమో, అలారం చచ్చిపోవడమో తేల్చే పరీక్ష ఎంతమంది దగ్గరుంది? ప్రతి రిలీజుకి ముందూ ఎర్రదీపం ఒక్కసారి కావాలని వెలిగించి చూడండి. పాత డ్రైవర్లు రోజూ చేసిన పనే కదా!