తుప్పు కూడా సాగు శాస్త్రంలోని అంశమే

మర్రిగూడ పేరు వినగానే మనకు మొదట స్ఫురించేది భూగర్భ జలాలలోని ఫ్లోరైడ్. అక్కడ పనిముట్లు త్వరగా తుప్పు పట్టడాన్ని కూడా దానికే ఆపాదించడం విన్నాను. ఇది సరియైన అభిప్రాయం కాదు. లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మనిషి ఎముకలను వంచగలదు గాని, ఇనుమును తినివేయడంలో దాని పాత్ర స్వల్పం. ఆ పని చేసేవి ముఖ్యంగా క్లోరైడ్లు, సల్ఫేట్లు. విత్తనంతోపాటు ఎరువు వేసే గొర్రు విషయంలో అవి చాలావరకు మనం సిఫారసు చేసే ఎరువుల నుండే వస్తున్నాయి.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. ఉపరితలంపై ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి కరుగుతుంది. మరొకచోట నీటిలో కరిగిన ప్రాణవాయువు వాటిని గ్రహిస్తుంది. నీటి పొరలో లవణం ఉంటే ఈ చర్య వేగం పుంజుకుంటుంది. మన విద్యార్థులు బత్తాయి తోటలకు బోర్డో మిశ్రమం తయారుచేసి కత్తి పరీక్ష చేస్తారు. సున్నం చాలకపోతే కత్తిపై ఎర్రని రాగి పూత కనబడుతుంది. రాగి ఎక్కినదని వ్రాసుకుంటారు గాని, ఆ మేరకు ఇనుము ద్రావణంలోకి దిగిపోయినదని ఎవరూ వ్రాయరు. తుప్పులోని మొదటి మెట్టు కూడా అదే. రాగికి బదులు అక్కడ ప్రాణవాయువు ఉంటుంది.

మెట్ట ప్రాంతంలో తుప్పు బెడద ఉండదని కొందరు వాదిస్తారు. వాన పడకున్నా, గాలిలో తేమ సుమారు 75 శాతానికి చేరితే యూరియా తనంతట తానే చెమర్చుతుంది. వానాకాలపు రాత్రులలో అంత తేమ సామాన్యం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బరువులో దాదాపు సగం క్లోరైడే. దానిని యూరియాతో కలిపితే ఇంకా తక్కువ తేమకే చెమర్చుతుంది. సాయంత్రం పెట్టెలో మిగిలిన గుప్పెడు ఎరువు తెల్లవారేసరికి ఉప్పునీటి పూతగా మారుతుంది. గాల్వనైజ్ చేసిన రేకులో జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది గాని, ఈ లవణాల మధ్య ఆ జింకు ఎంతోకాలం నిలవదు.

కంది విత్తే రోజులలో ఆ మండలంలోని ఒక చేనిగట్టున నేను చూసిన గొర్రుకు ఒక ఎరువు గొట్టం తుప్పు పెచ్చులతో పూడిపోయి ఉన్నది. రైతు చెప్పిన మోతాదే పోశాడు. ఒక సాలుకు మాత్రం ఎరువు అందలేదు. నెల తరువాత ఆ సాలు పాలిపోతే, మనం వెళ్లి పోషక లోపమని నిర్ధారించి మరికొంత ఎరువు సూచిస్తాము. గొర్రును చూడకపోయి ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి.

తుప్పును కమ్మరి కొలిమికో, ఇంజనీరింగ్ విభాగానికో వదిలివేయడం మనకు అలవాటైనది. ఎరువు మోతాదు చెప్పిన నోటితోనే గొర్రు కడగమని కూడా చెప్పాలన్నది నా అభిప్రాయం. ప్రతి సాయంత్రం పెట్టె ఖాళీ చేసి, గడ్డకట్టిన ఎరువును దులిపి, కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. బోరు నీటితో కడిగి తడిగా వదిలితే నీరు ఆరిపోయి దానిలోని ఉప్పు మిగులుతుంది. విత్తనాలు ముగిశాక కర్రులకు గ్రీజు పూసి, నేలకు తగలకుండా కొట్టంలో ఎత్తుపై ఉంచాలి. ట్రాక్టరు నుండి తీసిన పాత ఆయిల్ పూయడాన్ని నేను సమర్థించను. దానిలో ఇంజనులో పుట్టిన ఆమ్లాలు ఉంటాయి. మా పెద్దలు కొడవలికి ఆముదం రాసి చూరులో దోపేవారు. ఆముదం పండే జిల్లాలోనే ఆ అలవాటు పోవడం విచిత్రం. రంగు వేయదలిస్తే ముందు తుప్పును లోహం మెరిసేదాకా గీకి, ఆపైన రెడ్ ఆక్సైడ్ వేయాలి.

కిసాన్ మేళాలలో మనం కొత్త గొర్రును నిలబెట్టి చూపుతాము. దాని పక్కన మూడు వానాకాలాలు పనిచేసిన గొర్రును కూడా ఉంచి, గొట్టాలు విప్పి రైతులకు చూపాలి.