ముందు జవాబుపత్రం చూపించండి

2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు బాగా చదివే ఒక అమ్మాయికి సాంఘికశాస్త్రంలో 23 మార్కులు పడ్డాయి. మెమోలో ఫెయిల్ అని వచ్చింది. రీవెరిఫికేషన్ పెట్టించారు. అదే జవాబుపత్రానికి 96 మార్కులు వచ్చాయి. ఇలాంటిది ఆ ఒక్క అమ్మాయికే జరిగి ఉంటే పొరపాటనుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ ఏడాది అరవై ఆరు వేలకు పైగా జవాబుపత్రాలకు రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ దరఖాస్తులు వస్తే, పదివేలకు పైగా పత్రాల్లో మార్కులు మారాయి. అంటే అనుమానపడి అడిగిన ప్రతి ఆరేడు పత్రాల్లో ఒకదానిలో ఏదో ఒక తప్పు బయటపడిందన్నమాట. కొందరు మూల్యాంకన సిబ్బందిని సస్పెండ్ చేశారు. నాలుగు రోజులు వార్తలు నడిచాయి, తర్వాత అందరూ మరిచిపోయారు.

మరిచిపోకూడని విషయం ఒకటుంది. ఆ లెక్క అడిగినవాళ్లది. అడగనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఫీజు కట్టలేక అడగనివాళ్లున్నారు, గడువు ఎప్పుడో తెలియక అడగనివాళ్లున్నారు. ‘నువ్వు సరిగ్గా రాసి ఉండవులే’ అని ఇంట్లో కసిరితే నోరు మూసుకున్న పిల్లలున్నారు. పాసైపోయాం కదా, ఇంకెందుకులే అని వదిలేసినవాళ్లకైతే లెక్కే లేదు. వాళ్ల పత్రాల్లో ఎన్ని తప్పులున్నాయో కనుక్కోవడానికి మన పరీక్షల వ్యవస్థ ఏ ఏర్పాటూ చేసుకోలేదు. తప్పును కనిపెట్టే బాధ్యత మొత్తాన్ని పదహారేళ్ల పిల్లల మీదా, వాళ్ల తల్లిదండ్రుల జేబు మీదా పెట్టి కూర్చుంది.

తప్పు ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులోకి వెళ్లాలి. ఇంటర్ జవాబుపత్రాలు దిద్దే అసిస్టెంట్ ఎగ్జామినర్ ముందు రోజుకు ముప్పై బుక్‌లెట్లు ఉంటాయి. ఏప్రిల్ ఎండలో, ఇరుకు గదిలో ఒక్కో బుక్‌లెట్‌లో ఇరవైకి పైగా పేజీలు తిప్పాలి. ప్రతి జవాబుకూ మార్కు వేయాలి. దాన్ని ప్రశ్న నంబరు చూసుకుని పట్టికలోకి ఎక్కించాలి. కూడాలి. వచ్చిన మొత్తాన్ని ఓఎంఆర్ షీటులో అంకెల్లో రాసి, ఆ అంకెలకు సరిపోయే గడులను పెన్నుతో నింపాలి. విద్యార్థి రెండు మార్కుల ప్రశ్నకు జవాబు ఎక్కడో చివరి పేజీలో, వ్యాసరూప ప్రశ్న తర్వాత మిగిలిన నాలుగు లైన్ల జాగాలో రాసి ఉంటాడు. ఎగ్జామినర్ పేజీ తిప్పేస్తే ఆ జవాబు దిద్దకుండానే మిగిలిపోతుంది. 60 మార్కుల ఫిజిక్స్ పేపర్లో పాసవడానికి 21 కావాలి. 19 దగ్గర ఆగిపోయిన కుర్రాడికి ఆ రెండు మార్కులు ఒక సంవత్సరం.

దిద్దేవాళ్లను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నిజాయితీగా ఈ పని చేస్తున్నవాళ్లే. లక్షల పత్రాలను కొద్ది వారాల్లో మనుషులు చేత్తో దిద్దే చోట తప్పులు తప్పవు. స్క్రూటినైజర్లు, చీఫ్ ఎగ్జామినర్లు ఉన్నా కొన్ని జారిపోతాయి. ఈ సంగతి బోర్డులకూ తెలుసు. తెలిసి కూడా ఆ తప్పును పట్టుకునే పని విద్యార్థికి అప్పగించడమే నాకు మింగుడుపడనిది.

2019లో తెలంగాణలో జరిగింది గుర్తుచేసుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిదిన్నర లక్షలకు పైగా విద్యార్థులు రాస్తే మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక విద్యార్థినికి రెండో సంవత్సరం తెలుగులో సున్నా వచ్చింది. తీరా చూస్తే ఆమెకు పడాల్సినవి 99. ఓఎంఆర్ షీటులో తొమ్మిదుల గడులకు బదులు సున్నాల గడులు నింపారు. దిద్దినవారూ, దాన్ని సరిచూడాల్సినవారూ ఇద్దరూ దాన్ని పట్టుకోలేదు. ఆ వారాల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల మరణాలకూ మూల్యాంకన లోపాలకూ సంబంధం లేదని అధికారులు చెప్పారు. ఒక్కొక్కరి విషయంలో నిజం ఏదైనా, మెమోలో కనిపించే అంకెను ఎవరూ నమ్మలేని స్థితి వచ్చాక పరీక్ష పెట్టి ప్రయోజనం ఏముంది?

అప్పుడు ప్రభుత్వం రెండు పనులు చేసింది. ముగ్గురు సభ్యుల కమిటీని వేసింది. ఫెయిలైన వాళ్లందరి పత్రాలకూ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. ఫలితాల ప్రాసెసింగ్‌ను ఒక్క సంస్థకే వదిలేయకుండా సమాంతరంగా మరో సంస్థతోనూ చేయించి సరిపోల్చుకోవాలని కమిటీ సూచించింది. రీవెరిఫికేషన్ తర్వాత 1,137 మంది పాసయ్యారు. ఫెయిలైనవాళ్ల మొత్తం సంఖ్యతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య అని, వ్యవస్థ బాగానే ఉందని వాదించినవారున్నారు. శాతాల్లో చూస్తే చిన్నదే. కానీ 1,137 మంది అంటే దాదాపు ఇరవై తరగతి గదులు నిండే పిల్లలు. ఆ ఏడాది ఉచితంగా అందరి పత్రాలూ చూడకపోతే వాళ్లలో ఎంతమంది డబ్బు కట్టి అడిగి ఉండేవారు? మిగతా సంవత్సరాల్లో అలా అడగకుండా మిగిలిపోయినవాళ్లు ఎంతమంది? అసాధారణ పరిస్థితిలో ప్రభుత్వం చేయగలిగిన పనిని మామూలు సంవత్సరంలో కూడా చేయాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు.

ఇక ఫీజుల సంగతి. తెలంగాణలో ఇంటర్ రీకౌంటింగ్‌కు పేపరుకు 100 రూపాయలు, స్కాన్ కాపీతో కలిపి రీవెరిఫికేషన్‌కు 600. ఆంధ్రప్రదేశ్‌లో అవే 260, 1,300. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క పేపరు చూపించమని అడగడానికి నాలుగు రోజుల కూలి చాలదు. మూడు పేపర్ల మీద అనుమానం ఉంటే 3,900. ఏ తల్లయినా ముందు ఆలోచించేది ‘మార్కులు పెరుగుతాయన్న గ్యారంటీ ఉందా’ అనే. గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే జవాబుపత్రం ఎవరూ చూడలేదు. చూడాలంటే డబ్బు కట్టాలి, డబ్బు కట్టాలంటే చూడకుండానే తేల్చుకోవాలి.

అసలు ఆ డబ్బుతో ఏం చేస్తారన్నదీ చాలామందికి తెలియదు. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడడం, అంతే. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులేమైనా ఉన్నాయా, మార్కులు పట్టికలోకీ ఓఎంఆర్‌లోకీ సరిగ్గా ఎక్కాయా అని చూస్తారు. ‘ఈ జవాబుకు ఆరు వేయాల్సింది, నాలుగే వేశారు’ అని వాదించే వీలు రెండింటిలోనూ ఉండదు. అది రీవాల్యుయేషన్, దానికి ఇంటర్‌లో అవకాశం లేదు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి ఫీజు కట్టి వచ్చిన తండ్రి మాత్రం పేపరంతా మళ్లీ దిద్దుతారనే అనుకుంటాడు. మార్పు లేదని జవాబు రాగానే వాళ్లు డబ్బు తిన్నారనో, తన కొడుకు అబద్ధం చెప్పాడనో నిర్ణయానికి వస్తాడు. రెండూ నిజం కాకపోవచ్చు. దరఖాస్తు చేసే పేజీ మీదే తెలుగులో నాలుగు వాక్యాల్లో ఈ తేడా చెప్పడానికి బోర్డుకు ఖర్చేమీ కాదు.

జవాబుపత్రం చూసే హక్కు గురించి చట్టం మౌనంగా లేదు. 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కింద సమాచారమే, రాసిన విద్యార్థికి దాన్ని చూసే, నకలు తీసుకునే హక్కు ఉంది. సమాచార హక్కు ఫీజులు దరఖాస్తుకు పది రూపాయలు, పేజీకి రెండు. ఇరవై నాలుగు పేజీల బుక్‌లెట్‌కు యాభై ఎనిమిది రూపాయలు. రీవెరిఫికేషన్ ఫీజులో నకలుతో పాటు మళ్లీ సరిచూసే పని ఖర్చు కూడా కలిసి ఉందన్నది నిజమే. అయినా యాభై ఎనిమిదికీ పదమూడు వందలకూ మధ్య అంత దూరం ఎందుకున్నదో బోర్డు ఎప్పుడైనా లెక్క చూపించాలి. సమాచార హక్కు దారిలో వెళ్తే మరో చిక్కు, జవాబు ఇవ్వడానికి ముప్పై రోజుల గడువు. ఈలోగా సప్లిమెంటరీ దగ్గరపడుతుంది.

అదే కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని దాచిపెట్టి వాదించడం సరికాదు. నిబంధనల్లో లేకపోతే రీవాల్యుయేషన్ కోరే హక్కు విద్యార్థికి లేదని 1984లో మహారాష్ట్ర బోర్డు కేసు నుంచీ చెబుతూనే ఉంది. 2017 డిసెంబరులో రణ్‌విజయ్ సింగ్ కేసులోనూ జవాబుపత్రాల మూల్యాంకనంలో కోర్టులు తలదూర్చకూడదని, సందేహం ఉంటే దాని ప్రయోజనం పరీక్ష నిర్వహించిన సంస్థకే దక్కాలని చెప్పింది. ఫలితాలకు ఎక్కడో ఒక చోట ముగింపు ఉండాలి, లేకపోతే అడ్మిషన్లు కదలవు. ఇద్దరు మంచి లెక్చరర్లు ఒకే వ్యాసానికి ఒకటి రెండు మార్కులు అటూ ఇటూగా వేయడం సహజం. దాన్ని తప్పు అనలేం. నేను అడుగుతున్నది ఎగ్జామినర్ విచక్షణను ప్రశ్నించే హక్కు గురించి కాదు. దిద్దని జవాబు, కూడని మార్కు, తప్పు నింపిన గడి, ఇవి విచక్షణ కిందికి రావు. వీటిని పట్టుకోవడానికి పండితులు అక్కర్లేదు, పత్రం కళ్లముందు ఉంటే రాసిన పిల్లవాడే పది నిమిషాల్లో పట్టుకుంటాడు.

ఆ దిశగా కొంత కదలిక వచ్చింది కూడా. సీబీఎస్‌ఈ 2025లో తన క్రమాన్ని మార్చింది. అంతకుముందు మొదట వెరిఫికేషన్‌కు దరఖాస్తు చేయాల్సి వచ్చేది, ఆ తర్వాతే నకలు. ఇప్పుడు ముందు నకలు తీసుకుని, చూసుకుని, అవసరమనుకుంటేనే వెరిఫికేషన్‌కో రీవాల్యుయేషన్‌కో వెళ్లొచ్చు. విదేశాలకు వెళ్లే మన పిల్లలు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో స్కోరు మీద అనుమానంతో మళ్లీ దిద్దమని అడిగితే, మొదట ఎంత వేశారో తెలియని సీనియర్ ఎగ్జామినర్ దిద్దుతారు. బ్యాండ్ మారితే కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేస్తారు. పరీక్షను వ్యాపారంగా నడిపే సంస్థలే తప్పు తమదైతే డబ్బు వెనక్కి ఇవ్వాలని ఒప్పుకుంటున్నప్పుడు, పేదపిల్లలు ఎక్కువగా రాసే ప్రభుత్వ పరీక్షల్లో అది తిరుగులేని నియమంగా ఉండాలి. మార్కులు మారిన ప్రతి పత్రానికీ, ఎవరూ అడగకుండానే, ఫీజు ఖాతాలో పడాలి.

అయితే ఫీజు వాపసుతో సరిపెట్టుకోలేం. ఫెయిలైన పేపరు స్కాన్ కాపీ ఫలితంతో పాటే, హాల్‌టికెట్ నంబరుతో, ఉచితంగా ఫోనులో కనిపించాలి. అన్ని పేపర్లూ ఒకేసారి స్కాన్ చేయడం కష్టమంటే ఫెయిలైన పేపర్లతో మొదలుపెట్టవచ్చు. పాస్ మార్కుకు రెండు మూడు మార్కుల దూరంలో ఆగిన పత్రాలను, సున్నాలను, మిగతా సబ్జెక్టులతో పోలిస్తే అసాధారణంగా తక్కువ వచ్చిన పత్రాలను ఫలితాలు ప్రకటించక ముందే మరొకరితో చూపించాలి. మిగతా అన్నింట్లో బాగా వచ్చి ఒక్క దానిలో 23 పడితే, అది వింతగా ఉందని చెప్పడానికి కంప్యూటర్‌కు ఎంతసేపు పడుతుంది? ఇవి కాక, ఎవరూ దరఖాస్తు పెట్టని పత్రాల నుంచి ప్రతి ఏడాదీ కొన్నింటిని చీటీ తీసినట్టు ఎంచి మళ్లీ చూసి, ఎన్నింట్లో తప్పులు దొరికాయో బోర్డు ప్రకటించాలి. అప్పుడు గానీ మన మూల్యాంకనం ఎంత నమ్మదగిందో తెలియదు. ఇప్పుడు మనం చెప్పుకుంటున్న అంకెలన్నీ ఫీజు కట్టగలిగినవాళ్ల అంకెలే.

పాసైనవాళ్ల నష్టం బయటికి కనిపించదు కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకుంటున్నాం. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వచ్చినా, ఇంటర్‌లో 75 శాతం గానీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్ గానీ లేకపోతే ఎన్ఐటీలో సీటు దక్కదు. 74 దగ్గర ఆగిన అమ్మాయికి దిద్దని ఒక జవాబు విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. పదో తరగతి మార్కుల మీదే ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు ఇస్తారు. 2025లో మార్కులు ఆలస్యంగా మారిన పిల్లలు వీటి కోసం ఎంత కంగారు పడి ఉంటారో ఊహించవచ్చు.

దీనికి తోడు తేదీల సమస్య ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ దరఖాస్తులకూ, సప్లిమెంటరీ ఫీజుకూ చివరి తేదీ ఒక్కటే, ఏప్రిల్ 22. రీవెరిఫికేషన్ ఫలితం రాకముందే సప్లిమెంటరీ ఫీజు కట్టేయాలి. తను ఫెయిలయ్యాడో లేదో తెలియని కుర్రాడు ఫెయిలైనట్టే పుస్తకాలు తీసి కూర్చోవాలి. ఫలితాలు వచ్చిన ఆ వారం రోజులే పిల్లల మనసు అన్నింటికన్నా బలహీనంగా ఉండే సమయం. ‘నేను బాగానే రాశాను’ అని పిల్లవాడు అంటే నమ్మి, పేపరు తెప్పించి చూద్దాం అనగలిగే ఇంట్లో ఆ రాత్రి వేరుగా గడుస్తుంది. ఆ మాట అనగలిగే వీలు ప్రతి ఇంటికీ ఉండాలి. మెమో కనిపించే పేజీ మీదే టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయాలి, దాని పక్కనే జవాబుపత్రం చూసుకునే లింకు ఇవ్వాలి. రీవెరిఫికేషన్ ఫలితం వచ్చిన తర్వాత కనీసం వారం రోజుల వరకు సప్లిమెంటరీ ఫీజు గడువు తెరిచి ఉంచాలి. వచ్చే వేసవి టైమ్‌టేబుల్ వేసేటప్పుడు రెండు బోర్డులూ ముందుగా ఖాయం చేయాల్సిన తేదీ ఇదే.