ఆంప్లిఫయరు వాట్లూ, చెవి పాట్లూ

పాట వినడం మనసుకు మంచిది. అందులో సందేహం లేదు. అయితే ఆ పాట ఎంత మోతతో, ఎంతసేపు చెవిలో పడుతోందన్నది కూడా చూసుకోవాలి. ఇళ్లలో పెట్టుకునే ఖరీదైన ఆంప్లిఫయర్ల గురించి అడిగిన మూడు ప్రశ్నలకు ఈ వారం జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. పాటలు వినడానికి చానలుకు 200 వాట్ల ఆంప్లిఫయరు కొంటానంటున్నాడు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది 20 వాట్లది. దాని మోతకే తల దిమ్మెక్కుతోంది. పది రెట్ల మోతంటే ఇక చెవులు మిగులుతాయా? వద్దని చెప్పమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ భయం సహజమే కాని, లెక్క మాత్రం అలా ఉండదు. వాట్లు పది రెట్లయితే మోత పది రెట్లు కాదు. శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. పది రెట్లయితే 10 డెసిబెళ్లు. ఆ 10 డెసిబెళ్ల తేడా మన చెవికి సుమారు రెట్టింపు మోతలా తోస్తుంది. అంతే.

ఒక మామూలు స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే, ఒక మీటరు దూరంలో దాదాపు 88 డెసిబెళ్ల శబ్దం వస్తుందనుకోండి. 20 వాట్లకు అది 101 అవుతుంది. 200 వాట్లకు 111 అవుతుంది. మామూలుగా ఇంట్లో వినేటప్పుడు చాలాసార్లు ఒక్క వాటైనా ఖర్చు కాదు! మరి ఇంత పెద్దది ఎందుకంటారా? మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు, తారస్థాయిలో గొంతు విప్పినప్పుడు, క్షణకాలం పాటు సగటు కంటే పది నుంచి వంద రెట్ల శక్తి కావలసి వస్తుంది. అది చాలకపోతే ఆంప్లిఫయరు శబ్దాన్ని కత్తిరించేస్తుంది. పాట గరగరలాడుతుంది. పెద్ద ఆంప్లిఫయరు ఉన్నది ఆ క్షణాల కోసం.

కాబట్టి చెవిని చెడగొట్టేది పెట్టె మీద రాసిన వాట్లు కాదు. చెవి దగ్గరికి చేరే మోత, అది చేరినంతసేపు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం రోజుకు 85 డెసిబెళ్లయితే 8 గంటలు, 88 అయితే 4 గంటలు, 94 అయితే ఒక గంట, 100 అయితే 15 నిమిషాలే హద్దు. ప్రతి 3 డెసిబెళ్లకూ హద్దు సగానికి సగం తగ్గుతుందన్నమాట. ఇవి ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం వేసిన లెక్కలు. సరదాగా వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా తక్కువ చెప్పింది: పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లు, పిల్లలకు 75.

ఇప్పుడు మీ 20 వాట్ల పెట్టె సంగతి ఆలోచించండి. దాన్నే చివరిదాకా తిప్పి పెడితే 15 నిమిషాల్లో ఆ రోజు కోటా అయిపోవచ్చు. అంటే చిన్నదని నమ్మడానికి లేదు. పెద్దదానితో ఇంకో చిక్కుంది. ఎంత పెంచినా దాని శబ్దం శుభ్రంగానే ఉంటుంది కనుక, పెంచుతున్నట్లు వినేవాడికి తెలియదు. అబ్బాయిని కొనవద్దనకండి. వాల్యూం మీట ఎక్కడ ఆపాలో నేర్చుకోమనండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అట్టపెట్టె మీద "పి.ఎం.పి.ఓ." అని వేలల్లో వేసిన అంకెను చూసి మురిసిపోవద్దు. దానికి ఒక ప్రమాణమంటూ లేదు. ఆగకుండా ఇవ్వగలిగిన వాట్లు ఎన్ని, ఎన్ని ఓముల స్పీకరుకు, ఎంత వికారంతో అన్నవి అడగాలి. ఇలాంటి గొప్పలు మితిమీరడం వల్లనే అమెరికా ప్రభుత్వం 1974లో వాట్ల ప్రకటనలకు నిబంధన పెట్టవలసి వచ్చింది.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. నడుంనొప్పి ఉంది. పాతదైనా పేరున్న ఆంప్లిఫయరు ఒకటి కొన్నాను. 40 కిలోల పైమాటే. 50 వాట్లకు ఇంత బరువెందుకు? గంట తిరక్కుండానే పెట్టె కాలిపోతోంది. గది చిన్నది. ఇంట్లో పాకే మనవడున్నాడు. ప్రమాదమేమైనా ఉందా?
– ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, రాజమండ్రి

జవాబు: మీది "క్లాస్ ఎ" రకమై ఉండాలి. ఈ రకం పాట ఉన్నా లేకపోయినా కరెంటు లాగుతూనే ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం చూసినా, లాగిన దానిలో సగానికి మించి స్పీకరుకు ఇవ్వలేదు. అంటే 50 వాట్లవి రెండు చానళ్లకు కనీసం 200 వాట్లు నిరంతరం ఖర్చవుతాయి. నిజానికి ఇంకా ఎక్కువే. మిగిలిందంతా వేడి. ఆ వేడిని వదిలించడానికి రెక్కల్లాంటి అల్యూమినియం పలకలు, కరెంటు అందించడానికి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, దండిగా కెపాసిటర్లు కావాలి. బరువంతా వాటిదే.

వాట్లను చూసి పెట్టె సైజు చెప్పలేమనడానికి ఒక ఉదాహరణ. 1977లో అమెరికాలో వచ్చిన మార్క్ లెవిన్సన్ ఎం.ఎల్-2 ఈ రకానిదే. ఒక్కో స్పీకరుకు ఒక్కో భారీ పెట్టె, అయినా ఇచ్చేది 25 వాట్లే. ఆ మరుసటి ఏడు వచ్చిన నాడ్ 3020 చానలుకు 20 వాట్లిచ్చేది. అది పుస్తకాల అరలో ఇమిడిపోయేంత చిన్నది, చవకది. ఈనాటి "క్లాస్ డి" రకాలు లాగిన కరెంటులో 90 శాతం దాకా స్పీకరుకు అందిస్తాయి. అందుకే అవి చిన్నవిగా, చల్లగా ఉంటాయి.

ఇక మీ ఆరోగ్యం మాట. బరువు శరీరానికి దగ్గరగా పెట్టుకుని, వంగకుండా, మెలి తిరగకుండా ఎత్తే అనువైన పరిస్థితిలో కూడా 23 కిలోలే హద్దని నియోష్ లెక్క. నేల మీద నుంచి 40 కిలోలు మీరొక్కరూ ఎత్తకూడదు. ఇద్దరు పట్టండి. నడుం వంచకుండా మోకాళ్లు వంచండి. పెట్టెకు చుట్టూ, పైనా గాలి ఆడాలి. దాని మీద గుడ్డ కప్పవద్దు. వేసవిలో గది కిటికీలు తెరవండి. విననప్పుడు స్విచ్ ఆపండి.

మనవడి చేతికి అందని ఎత్తులో, కదలని బల్ల మీద పెట్టండి. కాలిన పలకలకు పసిచేతులు తగిలితే బొబ్బలెక్కుతాయి. పెట్టె మూత మీరు విప్పవద్దు. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. వాల్వులున్న ఆంప్లిఫయరులోనైతే వందల వోల్టులుంటాయి. షాకు ప్రాణం తీయవచ్చు. ఎర్తు వైరు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి.

ప్రశ్న: రోజూ రాత్రి తలుపులు వేసుకుని మూడు గంటలు గట్టిగా పాటలు వింటాను. పడుకునేటప్పుడు చెవుల్లో గుయ్యిమని హోరు. తెల్లారేసరికి తగ్గిపోతోంది. నొప్పి లేదు. చెవిలో ఏమైనా చుక్కలు వేసుకోమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చుక్కలూ వద్దు, వేడి నూనే వద్దు. తెల్లారేసరికి తగ్గింది కదా అని ధైర్యపడకండి. ఆ హోరు మీ లోచెవి పెడుతున్న మొర.

లోచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగంలో సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణాలుంటాయి. శబ్దాన్ని నరానికి అందించే పనిలో ముఖ్యమైనవి ఇవే. మోత ఎక్కువైతే ఇవి సొమ్మసిల్లుతాయి. విశ్రాంతి దొరికితే కోలుకుంటాయి. రోజూ బాదితే చస్తాయి. చచ్చినవి మనిషికి మళ్లీ మొలవవు. 2009లో కుజావా, లిబర్మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుకల మీద చేసిన పరిశోధనలో, వినికిడి మామూలుకు వచ్చిన తర్వాత కూడా రోమకణాలకూ నరానికీ మధ్య ఉన్న లంకెలు కొన్ని శాశ్వతంగా తెగిపోయాయని తేలింది.

నొప్పి లేదన్నారు. చెవికి నొప్పి పుట్టేది 120 డెసిబెళ్ల ప్రాంతంలో. చెడిపోవడం దానికి చాలా ముందే మొదలవుతుంది. మొదట పోయేది కూడా మీకు తెలియదు. 4,000 హెర్ట్జుల దగ్గర సన్నని శబ్దాలు పోతాయి. "స", "ష", "త" వంటి అక్షరాలు చెవికి ఆనవు. మాట వినబడుతుంది కాని అర్థం కాదు. ఎదుటివారు గొణుగుతున్నారని విసుక్కోవడం మొదలుపెడతారు!

ఇలా చేయండి. ఒక వారం రోజులు ఆంప్లిఫయరు జోలికి పోకండి. తర్వాత వినేటప్పుడు ఒక గుర్తు పెట్టుకోండి: మీటరు దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితేగాని మాట్లాడలేకపోతే మోత 85 దాటిందన్నమాటే. సెల్‌ఫోనులో శబ్దాన్ని కొలిచే ఆప్ పెట్టుకుంటే ఇంకా మంచిది. గంటకోసారి పది నిమిషాలు ఆపండి. స్పీకర్లకు మరీ దగ్గరగా కూర్చోకండి. ఒకసారి చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రాం తీయించుకోండి.

హోరు రెండు రోజులకు మించి ఉన్నా, తల తిరిగినా వెంటనే డాక్టరుకు చూపించాలి. ముఖ్యంగా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే గుబిలి అనుకుని వారాల తరబడి ఊరుకోవద్దు. అలాంటి చెవుడుకు మొదటి కొద్ది రోజుల్లో వైద్యం అందితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.