రోగశయ్యకడ ప్రార్థన

కృష్ణానది సముద్రమును సమీపించు తావున, కుడిగట్టుననున్న పెనుమూడి వంటి గ్రామమున అర్ధరాత్రమువేళ బిడ్డకు జ్వరము తీవ్రమైనచో తల్లి యేమి చేయును? కతోలిక గృహమైనచో జపమాల చేతికి వచ్చును. పొరుగింట ముడుపు గట్టబడును. ఇదంతయు మౌఢ్యమని త్రోసివేయు విద్యావంతులు కలరు. విశ్వాసముండగా వైద్యమేల యనువారును కలరు. మొదటివారు ఆ తల్లి నెరుగరు. రెండవవారు తమ మతమునే యెరుగరు.

రేపల్లెనుండి తెనాలి మీదుగా గుంటూరు చేరినచో ఈ రెండవవారికి సమాధానము దొరకును. ఆస్ట్రేలియా దేశీయురాలగు మేరీ గ్లౌరీ 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. భారతదేశమున స్త్రీలును శిశువులును వైద్యురాండ్రు లేక మరణించుచున్నారని 1915లో ఒక చిన్న పుస్తకమున చదివి, 1920లో గుంటూరు వచ్చి, ఏసు మరియ జోసపు సభలో కన్యస్త్రీ యయ్యెను. కన్యస్త్రీలు వైద్యము చేయరాదని ఆనాటి శ్రీసభ నియమము. పదునైదవ బెనెడిక్టు పోపు ఆమెకు ప్రత్యేకానుమతి నొసగెను. నియమము అందరికిని సడలినది 1936లో మాత్రమే. దివ్యపూజలో మోకరిల్లిన ఆ చేతులే సెయింట్ జోసఫ్ ఆసుపత్రిలో శిశువుల నాడి పట్టినవి. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించి, 1957లో ఆమె కన్నుమూసెను. ప్రార్థనకును మందునకును వైరము కలదనువారు ఆమె చరిత్రమును చదువవలెను.

యాయీరు కుమార్తె వృత్తాంతమును సువార్తలో చదువనివారు తక్కువ. పండ్రెండేండ్ల ఆ బాలిక లేచి నడచిన వెంటనే, ఆమెకు తినుటకేమైన పెట్టుడని క్రీస్తు చెప్పినట్లు మార్కు వ్రాసెను. ఉపదేశకులు అద్భుతముకడ ఆగిపోయి ఈ మాటను దాటవేయుట విచారకరము.

మరియొక పొరపాటు కలదు. గురువును పిలిచినచో బిడ్డపై ఆశ వదలుకొన్నట్లేయని భయపడి, అభ్యంగనమును కడపటి గడియవరకు వాయిదా వేయుదురు. అది మరణోన్ముఖులకు మాత్రమే కాదని వాటికన్ మహాసభ 1963లోనే ప్రకటించెను. ఊహ తెలిసిన బిడ్డలు దాని నందుకొనవచ్చును.

అయినను బిడ్డ దక్కనిచో? గుణదలలో 1924లో అర్లాటి స్వామి నెలకొల్పిన మరియమాత స్వరూపము నొద్దకు ఏటేట ఫిబ్రవరి 11వ తేదీ ఉత్సవమునకు హిందువులును వచ్చి టెంకాయలు, తలనీలాలు సమర్పింతురు. మ్రొక్కు ఫలించినవారు కొండపై కనబడుదురు. ఫలింపనివారిలో ఎందరో ఇంటనే యుందురు. ఈ ఉత్సవమునకు మూలమైన లూర్దులో 1858నుండి నేటివరకు శ్రీసభ అద్భుతములని అంగీకరించిన స్వస్థతలు 70కి కొంచెము మించినవి, అంతే. అద్భుతమును ఇంత అరుదుగా అంగీకరించు శ్రీసభ, అది జరుగలేదని తల్లిని నిందించు అధికారమును ఎవరికిచ్చినది? గెత్సెమనిలో క్రీస్తు తొలగింపుమని వేడిన పాత్ర తొలగలేదు. ఆయనకు విశ్వాసము చాలలేదని పలుకు సాహసి యెవడైన నున్నాడా?

ఈ నింద ఇంటితో ఆగదు, పాఠశాలకును వచ్చును. తమ్ముని కోల్పోయి పదిదినముల పిమ్మట తరగతికి వచ్చిన బాలునితో, “మీ యమ్మ సరిగా ప్రార్థింపలేదట” యని తోటివాడొకడు అనును. వాడా మాటను పెద్దలనోటనే వినియుండును. ఉపాధ్యాయుడు అప్పుడు వేదాంతము బోధింపనక్కరలేదు. ఆ మాటను అక్కడనే ఖండించి, బాలుని వాని పాత నేస్తము ప్రక్కన కూర్చుండబెట్టి, తప్పిపోయిన పాఠములు వ్రాసికొనుటకు నోటుపుస్తక మిప్పించిన చాలును.