అమ్ముడుపోయింది ఎవరు?

పంక్ సంగీతం గురించి నలుగురు మాట్లాడుకునే చోట గ్రీన్ డే పేరు వచ్చిందంటే చాలు, రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. ‘డూకీ’ (1994)కి ముందు వాళ్లు చేసినదంతా సాధకమేననీ, కచేరీ ఆ తరవాతే మొదలైందనీ మొదటి తీర్పు. ‘కర్‌ప్లంక్’తోనే వాళ్ల నిజాయితీ ముగిసిందనీ, ఆపైన అమ్ముడుపోయారనీ రెండోది. నాకు రెండూ సమ్మతం కావు. మొదటిది చెవులు చెయ్యవలసిన పనిని అంకెలకి అప్పగించింది. రెండోది పేదరికాన్నే స్వాతంత్ర్యమని పొరబడింది. నా అసలు తగాదా రెండోదానితోనే. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, సగం నిజంతో వాదించడమే కష్టం.

ముందు ఆ రికార్డు సంగతి. ‘కర్‌ప్లంక్’ని 1991లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక చిన్న స్టూడియోలో, సుమారు రెండు వేల డాలర్ల ఖర్చుతో ముగించారు. అంతకుముందు వచ్చిన ‘39/స్మూత్’కి అయిన ఖర్చు ఏడు వందల డాలర్లకి లోపే. రెండింటినీ తెచ్చినది బర్క్‌లీ పరిసరాల్లో లారీ లివర్‌మోర్ నడిపిన లుకౌట్ అనే బుల్లి కంపెనీ. డ్రమ్ముల మీద ట్రే కూల్ చేరిన తరవాత వచ్చిన మొదటి ఆల్బం ఇదే. ఆ రోజుల్లో వీళ్లు ఊరూరా తిరిగిన బండి ఒకప్పటి సంచార గ్రంథాలయం. దాన్ని నడిపినవాడు ట్రే కూల్ తండ్రి. రికార్డుతో పాటు ఒక కథ కూడా అచ్చు వేశారు. ఈ బృందం మీద పిచ్చి అభిమానంతో, వాళ్ల వెంట వెళ్లడానికి కన్నవాళ్లనే చంపేసే ఒక అమ్మాయి చెప్పుకున్న ఆత్మకథ అది. మారుపేరుతో రాసినవాడు సాక్షాత్తూ కంపెనీ యజమాని లివర్‌మోరే. అంటే, కీర్తి ఇంకా గుమ్మం తొక్కకముందే దాన్ని వెక్కిరించి పెట్టుకున్నారన్న మాట.

‘సాధకం’ అనేవారికి నా సమాధానం చిన్నది. ‘వెల్‌కమ్ టు పారడైస్’ అనే పాట ‘కర్‌ప్లంక్’లోనూ ఉంది, ‘డూకీ’లోనూ ఉంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. మాట అదే, వరస అదే, మధ్యలో గిటార్లు చీకట్లోకి దిగి మళ్లీ పైకి వచ్చే ఆ మలుపూ అదే. మారింది శబ్దం నునుపు. డ్రమ్ముల చప్పుడు బరువెక్కింది, గిటారు అంచులు తేరుకున్నాయి. ఇల్లు వదిలి ఓక్లండ్‌లో ఒక పాత గిడ్డంగిలో తలదాచుకున్న కుర్రవాడి భయమూ, ఆ భయమే అలవాటై ఆ చోటే తన ఊరు కావడమూ మొదటిసారికే పూర్తిగా పాటలో ఉన్నాయి. నగ మెరుగు పెట్టినవాడిది కాదు, చేసినవాడిది. ‘క్రిస్టీ రోడ్’ అయితే మెరుగు కూడా అడగదు. చిన్న ఊళ్లో, పోవడానికి చోటు లేని పిల్లలు రైలు పట్టాల దగ్గర కూర్చుని పొద్దుపుచ్చడం గురించి ఇంత తిన్నగా చెప్పిన పాట ‘డూకీ’లో నాకు కనబడలేదు.

ఇక రెండో తీర్పు. బర్క్‌లీలో 924 గిల్మన్ వీధిలో, 1986 ఆఖరి రోజున తెరిచిన ఒక వేదిక ఉంది. దాన్ని నడిపేవాళ్లు స్వచ్ఛంద సేవకులు. మద్యం, కొట్లాట, జాతి విద్వేషం, స్త్రీలని కించపరచడం అక్కడ నిషిద్ధం. పెద్ద కంపెనీలతో ఒప్పందం ఉన్న బృందాలకీ ఆ రోజుల్లో ప్రవేశం ఉండేది కాదు. గ్రీన్ డే పెరిగింది అక్కడే. 1993లో రిప్రైజ్ కంపెనీతో సంతకం చెయ్యగానే ఆ తలుపు వాళ్లకి మూసుకుంది.

తలుపు మూసినవాళ్లని మూర్ఖులనడం అన్యాయం. ఆ ఏడే స్టీవ్ ఆల్బినీ తన ప్రసిద్ధ వ్యాసంలో ఒక లెక్క వేసి చూపించాడు. పెద్ద కంపెనీతో కుదుర్చుకున్న ఒక ఊహాత్మక బృందం రెండున్నర లక్షల రికార్డులు అమ్మితే, కంపెనీకి దక్కేది 7,10,000 డాలర్లు. బృందంలో ఒక్కొక్కరికీ మిగిలేది సుమారు 4,000. వేదికని కాపాడుకోవాలంటే గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి, వాళ్లు గీశారు. అంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ ఆ గీతని నీతిగా మార్చినప్పుడు వస్తుంది. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌ది చమురు శుద్ధి కర్మాగారం పక్కనున్న రోడేయో అనే ఊరు. పదేళ్లప్పుడు తండ్రి పోయాడు. తల్లి హోటల్లో వడ్డన పని చేసి పిల్లల్ని పెంచింది. అలాంటివాడితో ‘నీకు డబ్బు అక్కర్లేదు, నీ పేదరికమే నీ కళ’ అని చెప్పడానికి ఎవరికి అధికారం ఉంది? ఆ మాట అనగలిగినవాడు సాధారణంగా నెలాఖరు భయం ఎరగనివాడై ఉంటాడు.

సరే, చిన్న కంపెనీ అంటే ధర్మం, పెద్ద కంపెనీ అంటే అధర్మం అనే లెక్క ఎంతవరకు నిలిచిందో చూద్దాం. లుకౌట్‌లో లాభాలు పంచుకునే పద్ధతి చాలా మర్యాదైనది. పాడినవాళ్లకి నూటికి అరవై, కంపెనీకి నలభై. ‘డూకీ’ తరవాత జనం పాత రికార్డులు వెతుక్కుని కొన్నారు. ‘కర్‌ప్లంక్’ ఒక్క అమెరికాలోనే పది లక్షల ప్రతులు దాటింది. ఆ రాబడితో లుకౌట్ పెద్దదైంది. లివర్‌మోర్ 1997లో తప్పుకున్నాడు. తరవాతివాళ్లు తమ తాహతుకి మించి ఖర్చు చేశారు. చివరికి పాడినవాళ్ల వాటా చెల్లించలేని స్థితి వచ్చింది. 2005లో గ్రీన్ డే తమ పాత రికార్డులని లుకౌట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఇంకొన్ని బృందాలు అదే దారి పట్టాయి. 2012లో కంపెనీ మూతబడింది.

చూశారా? బాకీ పడినది చిన్న కంపెనీ, ‘మన’ అనుకున్న కంపెనీ. చిన్నతనం దాన్ని కాపాడలేదు, మంచితనమూ కాపాడలేదు. కాపాడినది ఒక్కటే: తమ పాటలని వెనక్కి తీసుకునే హక్కు పాడినవాళ్ల దగ్గర ఉండటం. ఆ హక్కుని మిగిల్చినది లుకౌటే, ఆ గౌరవం దానికి దక్కాలి. మర్యాద తెలిసిన ఒప్పందం, రాసినవాళ్లే తరవాత దాన్ని నిలబెట్టుకోలేకపోయినా, ఎదుటివాడికి అక్కరకొస్తుంది.

స్వతంత్ర ఆల్బం అనే మాటకి నేను అర్థం చెప్పుకునేది ఇక్కడే. స్వాతంత్ర్యం రెండు వేల డాలర్ల ఖర్చులో లేదు, గరుకు శబ్దంలో లేదు, అమ్ముడైన ప్రతుల సంఖ్యలో అసలే లేదు. ‘ఇది మాది, మా వస్తువు మాకు ఇచ్చెయ్యండి’ అని పద్నాలుగేళ్ల తరవాత అనగలగడంలో ఉంది. 2007లో ఆ రికార్డులని మళ్లీ తెచ్చినది రిప్రైజే. శుద్ధివాదులకి అది శోకం కావచ్చు. కానీ అక్కడికి వాటిని తీసుకువెళ్లిన చేతులు సొంతదార్లవి. ‘అమ్ముడుపోవడం’ అన్న నింద వెయ్యాలంటే ముందు వస్తువు చెయ్యిదాటి ఉండాలి.

2015 మేలో గ్రీన్ డే గిల్మన్ వేదిక మీద వాయించింది, అగ్నిప్రమాదంలో నష్టపోయిన ఒక చిన్న పుస్తక ప్రచురణ సంస్థకి సాయంగా. ఆ తలుపు తెరిచినవాళ్లు ఓడిపోయారనీ నేను అనను, లోపలికి వచ్చినవాళ్లు పశ్చాత్తాపపడ్డారనీ అనను. గీత గియ్యడం ఎంత అవసరమో, ఎప్పుడో ఒక రాత్రి దాన్ని చెరపడం కూడా అంతే అవసరమని ఇద్దరికీ తెలిసివచ్చి ఉంటుంది.

కాబట్టి మిత్రులకి ఒక విన్నపం. ఈసారి ఏ బృందం గురించైనా ‘అమ్ముడుపోయారు’ అనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ పాట ఈరోజు ఎవరి సొత్తు? జవాబు తెలిస్తే చెప్పండి, వాదించుకుందాం. తెలియకపోతే, అది తెలిసేదాకా తీర్పు వాయిదా వేసి ‘కర్‌ప్లంక్’ మళ్లీ ఒకసారి వినండి.